లేబుల్ మీద వెదురు, లోపల రేయాన్: బట్టల గురించి పాఠకుల ప్రశ్నలు

పర్యావరణానికి హాని తక్కువ చేసే బట్టల గురించి అడగమని పాఠకులను కోరితే వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: ఫలానా బట్ట మంచిదా, కాదా? పీచు ఏ మొక్కదో తెలిసినంత మాత్రాన దీనికి జవాబు దొరకదు. ఆ పీచు దారమైన తీరు, దానికి రంగు పట్టించిన తీరు, మన ఇంట్లో అది ఎన్నేళ్లు మన్నుతుందన్నది, ఈ మూడూ చూడాలి. అందుకే కొన్ని జవాబులు పొడుగయ్యాయి.

ప్రశ్న: మా మనవడికి నాలుగో నెల. ఇక్కడి దుకాణాల్లో ‘ఆర్గానిక్ బ్యాంబూ’ పేరుతో లంగోటీలు, జుబ్బాలు అమ్ముతున్నారు. చాలా మెత్తగా ఉన్నాయి. వెదురు బట్ట క్రిములను చంపుతుందని, ప్రకృతికి హాని చేయదని అట్టపెట్టె మీద ఉంది. నమ్మవచ్చా?
– ఒక అమ్మమ్మ, డాలస్

జవాబు: మెత్తగా ఉండడం నిజమే. మిగతా రెండు మాటలూ నమ్మకండి.

వెదురును గోగు కట్టెల్లా ఊరవేసి, చితక్కొట్టి, దువ్వి నార తీయవచ్చు. అలా వచ్చే నార గరుకుగా ఉంటుంది, పసిబిడ్డ ఒంటికి పనికిరాదు. బజారులో అది దొరకడమూ అరుదే. మీ చేతిలో ఉన్న మెత్తని బట్ట విస్కోస్. మన దుకాణాల భాషలో రేయాన్.

తయారీ ఇలా ఉంటుంది. వెదురును చిన్న ముక్కలు చేసి రసాయనాలతో ఉడికించి గుజ్జు తీస్తారు. ఆ గుజ్జును సుమారు 18 శాతం కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి, పిండి, కొంతకాలం మాగనిచ్చి, కార్బన్ డైసల్ఫైడ్ కలుపుతారు. నారింజ రంగు ముద్ద వస్తుంది. దాన్ని పలుచని కాస్టిక్ సోడాలో కరిగిస్తే తేనెలా జారే ద్రవమవుతుంది. ఆ ద్రవాన్ని సన్నని బెజ్జాల గుండా గంధకామ్లం తొట్టిలోకి చిమ్మితే పోగులుగా గట్టిపడుతుంది. అక్కడ మిగిలేది సెల్యులోజ్ మాత్రమే. వెదురుతో మొదలుపెట్టినా, యూకలిప్టస్‌తో మొదలుపెట్టినా చివరికి వచ్చే పోగు ఒకటే. వెదురులో క్రిములను ఆపే గుణం ఏదైనా ఉన్నా అది ఈ తొట్లు దాటి రాదు.

కార్బన్ డైసల్ఫైడ్ గది వేడికే ఆవిరయ్యే ద్రవం. ఆ ఆవిరి పీల్చిన కార్మికులకు నరాలు, మెదడు దెబ్బతింటాయని 19వ శతాబ్దం నుంచే వైద్యులకు తెలుసు. మంచి కర్మాగారాలు ఆ ఆవిరిని పట్టి మళ్లీ వాడుకుంటాయి, పట్టనివి గాలిలోకి వదిలేస్తాయి. బిడ్డ వేసుకునే బట్టలో ఆ రసాయనం మిగిలి ఉంటుందేమోనని భయపడక్కర్లేదు. నష్టమంతా తయారీ దగ్గర ఉండేవాళ్లకే. వెదురు ఎరువుల్లేకుండా, త్వరగా పెరుగుతుందన్న మాట నిజమే. కానీ దాని గొప్ప పొలంలోనే ఆగిపోయింది, కర్మాగారం దాకా రాలేదు.

మీరుండే దేశంలో దీనికి నియమం ఉంది. విస్కోస్‌ను ఉత్త ‘బ్యాంబూ’ అని అమ్మకూడదు, ‘రేయాన్ మేడ్ ఫ్రమ్ బ్యాంబూ’ అని రాయాలి. అక్కడి వ్యాపార నియంత్రణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2009 నుంచి ఈ విషయంలో వరుసగా చర్యలు తీసుకుంటోంది. 2022లో రెండు పెద్ద దుకాణ సంస్థలు కలిసి 55 లక్షల డాలర్లు కట్టేందుకు ఒప్పుకోవలసి వచ్చింది. కాబట్టి అట్టపెట్టె మీద రాసింది వదిలేసి, బట్ట లోపల కుట్టిన చిన్న లేబుల్ చదవండి.

అంతే మెత్తగా ఉండి, తయారీ శుభ్రంగా ఉండేది కావాలంటే లేబుల్ మీద ‘లయోసెల్’ అన్న మాట వెతకండి. అందులో గుజ్జును ఎన్‌ఎంఎంఓ అనే ద్రావణిలో నేరుగా కరిగిస్తారు. కార్బన్ డైసల్ఫైడ్ అక్కర్లేదు, ద్రావణిలో 99 శాతానికి పైగా తిరిగి పట్టి వాడుకుంటారు. ఇక్కడ ఒక మెలిక ఉంది. ‘టెన్సెల్’ అన్నది ఆస్ట్రియాలోని లెంజింగ్ కంపెనీ వాణిజ్య నామం. ఆ పేరుతో లయోసెల్ కూడా వస్తుంది, మోడాల్ కూడా వస్తుంది. మోడాల్ విస్కోస్‌కు దగ్గరి చుట్టం. అందువల్ల టెన్సెల్ అన్న మాట ఒక్కటీ చాలదు.

లంగోటీలకైతే ఇవేవీ కొనక్కర్లేదు. ఏళ్ల తరబడి ఉతికి మెత్తబడ్డ మీ నూలు చీర గానీ, మల్లుగుడ్డ గానీ రెండు మడతలు వేసి కుట్టండి. నూలు తడిస్తే ఇంకా గట్టిపడుతుంది కనుక రోజుకు పదిసార్లు ఉతికినా తట్టుకుంటుంది. విస్కోస్ తడిలో సుమారు సగం బలం కోల్పోతుంది. వేడి నీళ్లలో, డ్రయ్యర్‌లో పదేపదే తిప్పితే కుట్ల దగ్గర త్వరగా చిరుగుతుంది.

ప్రశ్న: కొనేటప్పుడు ‘ప్యూర్ కాటన్’ అంటారు, ఇంటికొచ్చాక చెమట పీల్చదు. ఇంట్లోనే తేల్చుకునే మార్గం ఉందా?
– విజయవాడ పాఠకుడు

జవాబు: ఉంది, రెండు పరీక్షలు కలిపి చేయాలి. బట్ట లోపలి కుట్టు మడతలోంచి పడుగు (నిలువు) పోగులు కొన్ని, పేక (అడ్డం) పోగులు కొన్ని విడివిడిగా లాగండి. రెండూ ఒకే రకమని అనుకోవద్దు. పడుగు పాలిస్టర్, పేక నూలు వేసి నేసిన బట్టలు బోలెడు. ఒక్కో రకాన్నీ అయిదు సెంటీమీటర్ల పొడవున పేని, పట్టకారుతో పట్టుకుని, స్టీలు సింకు మీద కొవ్వొత్తి మంటకు పక్కనుంచి మెల్లగా దగ్గరికి తీసుకురండి.

నూలు మంటకు దూరం జరగదు. వెంటనే అంటుకుని, కాగితం కాలిన వాసనతో కాలి, వేలితో నలిపితే మాయమయ్యే మెత్తని బూడిద అవుతుంది. పట్టు, ఉన్ని ముడుచుకుంటూ మెల్లగా కాలతాయి, మంట తీస్తే ఆరిపోతాయి, వెంట్రుక కాలిన వాసన వస్తుంది, చివర మిగిలే నల్ల పూస నలిపితే పొడి అవుతుంది. పాలిస్టర్ మంట తగలకముందే ముడుచుకుపోతుంది, కరిగి కారుతుంది, చల్లారాక గోటితో నొక్కినా పగలని గట్టి పూస మిగులుతుంది. కరిగిన చుక్క చర్మానికి అంటుకుని కాలుస్తుంది కాబట్టి చేత్తో పట్టుకోవద్దు, పిల్లల చేత చేయించవద్దు. బూడిదలో చిన్న చిన్న గట్టి పలుకులు తగిలితే అది నూలు, పాలిస్టర్ కలిపి వడికిన దారం.

ఈ పరీక్షలో చాలామంది పొరపడేది రేయాన్ దగ్గర. అదీ సెల్యులోజే కాబట్టి అచ్చం నూలులాగే కాలుతుంది. తేడా తడిలో తెలుస్తుంది. ఒక పోగు తీసుకుని మధ్యలో నీటి చుక్క వేసి రెండు కొసలూ పట్టి లాగండి. సరిగ్గా తడిసిన చోటే తేలిగ్గా తెగితే విస్కోస్. తడిసిన చోట గట్టిగా నిలిచి ఇంకోచోట తెగితే నూలు. కనీసం అయిదు పోగులు చూసి తేల్చండి.

ప్రశ్న: సేంద్రియ పత్తి అని రెండు చొక్కాలు కొన్నాను. ఒకదాని మీద జీఓటీఎస్ అని, ఇంకోదాని మీద ఓసీఎస్ అని ఉంది. ఏది మేలు?
– విశాఖపట్నం పాఠకురాలు

జవాబు: మొదటిదే. ఓసీఎస్ అంటే ఆర్గానిక్ కంటెంట్ స్టాండర్డ్. బట్టలో సేంద్రియ పత్తి ఎంత ఉందో, అది పొలం నుంచి బట్ట దాకా కల్తీ లేకుండా వచ్చిందో మాత్రమే చూస్తుంది. రంగులు, బట్టను తెల్లబరిచే రసాయనాలు, కర్మాగారం వదిలే మురుగునీళ్లు దాని పరిధిలో లేవు. జీఓటీఎస్, అంటే గ్లోబల్ ఆర్గానిక్ టెక్స్‌టైల్ స్టాండర్డ్, వీటన్నిటినీ చూస్తుంది, కార్మికుల పని పరిస్థితులనూ చూస్తుంది. అందులోనూ రెండు మెట్లున్నాయి. ‘ఆర్గానిక్’ అని రాయాలంటే కనీసం 95 శాతం సేంద్రియ పీచు ఉండాలి. ‘మేడ్ విత్ ఆర్గానిక్’ అనడానికి 70 శాతం చాలు. లేబుల్ మీద గుర్తుతో పాటు ధ్రువీకరించిన సంస్థ పేరు, లైసెన్సు సంఖ్య తప్పనిసరిగా ఉంటాయి. ఆ సంఖ్యను జీఓటీఎస్ వారి బహిరంగ జాబితాలో సరిచూడవచ్చు. సంఖ్య లేని ఆకుపచ్చ ఆకు బొమ్మకు విలువ లేదు.

పొలం సంగతి కూడా చెప్పాలి. మన దేశంలో బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది, ఇప్పుడు పత్తి విస్తీర్ణంలో అత్యధిక భాగం అదే. సేంద్రియ సాగులో జన్యుమార్పిడి విత్తనం నిషిద్ధం. అందువల్ల సేంద్రియ పత్తి రైతుకు మొదటి కష్టం బీటీయేతర విత్తనం దొరకడం. రెండోది పక్క చేలనుంచి పుప్పొడి రావడం. పైగా ఏటా వేసే పంటలకు కనీసం రెండేళ్లు మార్పిడి కాలం ఉంటుంది. ఆ రెండేళ్లూ రైతు సేంద్రియంగానే పండించినా సేంద్రియ ధర రాదు. ‘ఇన్ కన్వర్షన్’ అని లేబుల్ ఉన్న బట్ట కనిపిస్తే తక్కువగా చూడకండి. రైతుకు ఆసరా ఎక్కువ అవసరమయ్యేది ఆ రెండేళ్లలోనే.

ప్రశ్న: లినెన్ అంటే అవిసె నార అని, హెంప్ అంటే జనపనార అని ఒకరు చెప్పారు. మా వైపు గోగునార ఉంది, జనుము ఉంది. ఏది ఏదో తేల్చి చెప్పండి.
– పార్వతీపురం పాఠకుడు

జవాబు: ఈ తికమక మన పేర్లలోనే ఉంది. ఒక్కొక్కటే చూద్దాం.

లినెన్ అవిసె నారే. అయితే పూలు కూర వండుకునే అవిసె చెట్టు వేరు. అవిసె గింజలిచ్చే చిన్న మొక్క కాండం నుంచి లినెన్ వస్తుంది. మన దేశంలో ఆ మొక్కను ప్రధానంగా గింజ కోసమే పండిస్తాం. బట్టకు పనికొచ్చే పొడవాటి నార రకాలు ఫ్రాన్స్, బెల్జియం, నెదర్లాండ్స్ తీరప్రాంతాల్లో వానకే పండుతాయి. అక్కడ మొక్కలను పీకి పొలంలోనే పరిచి మంచుకు, వానకు ఊరనిస్తారు.

జనపనార అంటే జూట్, బెంగాల్ పంట. గోగునార మన గోంగూర కుటుంబానిది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నార కోసం వేసేది అదే. దాన్ని వ్యాపారంలో మెస్టా అంటారు. జనుము వేరే మొక్క, పప్పుజాతిది. వరికి ముందు పచ్చిరొట్టగా దున్నేసేది, తాళ్లకు నార ఇచ్చేది అదే. ఇక హెంప్ గంజాయి జాతి మొక్క. మత్తు పదార్థం 0.3 శాతానికి మించని రకాలను పరిశ్రమ కోసం సాగు చేసేందుకు ఉత్తరాఖండ్ 2018లో అనుమతి ఇచ్చింది. ఆన్‌లైన్‌లో హెంప్ పేరిట అమ్మే సంచుల్లో కొన్ని నిజానికి జనుమువో జూట్‌వో అయి ఉంటాయి. జనుమును ఇంగ్లీషులో ‘సన్ హెంప్’ అనడం దీనికి ఒక కారణం.

గోగు, జూట్ రెండింటికీ ఊరవేతే ప్రాణం. మొక్క పూతకొచ్చిన దశలో కోసి, కట్టలు కట్టి, ఆకు రాల్చి, నీటిలో మునిగేలా పది నుంచి పదిహేను రోజులు ఉంచుతారు. వేడి రోజుల్లో త్వరగా ఊరుతుంది, చలిలో ఆలస్యమవుతుంది. పదో రోజు నుంచి రోజూ ఒక కట్టె తీసి మొదలు దగ్గర బెరడు వేలితో లాగి చూడాలి. జిగురు లేకుండా జారివస్తే ఊరినట్టు. తొందరపడితే నారకు బెరడు పెళ్లలు అంటుకుని ఉంటాయి. రెండు రోజులు ఆలస్యమైతే నార మెత్తబడి తెగుతుంది. మట్టి పెళ్లలు, అరటి బోదెలు బరువుగా పెట్టి ముంచితే నార నల్లబడుతుంది. రాళ్లో సిమెంటు దిమ్మలో వాడండి. ఊరవేసిన కుంటలో నీటి ఆక్సిజన్ తగ్గి చేపలు చస్తాయి, కాబట్టి తాగునీటి చెరువుకు దూరంగా చేయాలి. మొక్క నుంచి వచ్చిందే అయినా ఊరవేతను అజాగ్రత్తగా చేస్తే ఊరికి హాని జరుగుతుంది.

లినెన్ కొనేవారికి ఒక లెక్క. దాని సన్నదనాన్ని ‘లీ’లో చెబుతారు. ఒక పౌను బరువులో 300 గజాల చిలపలు ఎన్ని ఉంటే అన్ని లీ. నూలుకు చిలప 840 గజాలు. కాబట్టి 60 లీ లినెన్ 60 నంబరు నూలు కంటే చాలా లావు. దాదాపు 21 నంబరు నూలుతో సమానం. ‘మీ నూలు నలభయ్యే, మా లినెన్ అరవై’ అని దుకాణదారు అంటే ఈ లెక్క చెప్పండి.

ప్రశ్న: పొందూరు ఖద్దరుకు, మామూలు చేనేతకు తేడా ఏమిటి? రెండూ మగ్గం మీద నేసినవే కదా, అంత ధర ఎందుకు?
– హైదరాబాద్ పాఠకురాలు

జవాబు: తేడా మగ్గం దగ్గర లేదు, దారం దగ్గర ఉంది. చేనేతకు మిల్లు దారం వాడవచ్చు. మంగళగిరి, పోచంపల్లి చీరల్లో నూలు చాలావరకు మిల్లుదే. ఖాదీ అనాలంటే దారమూ చేత్తో వడికిందే కావాలి. 1956 నాటి ఖాదీ, గ్రామ పరిశ్రమల చట్టం చెప్పేది ఇదే.

శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఈ చేతిపని ఇంకొంచెం వెనక నుంచి మొదలవుతుంది. కొండపత్తి, పునాస పత్తి లాంటి దేశవాళీ రకాల గింజపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని, దగ్గరి పళ్లకు చెత్త, పొట్టిపోగులు చిక్కి పోయి, పీచు ఒకే వైపుకు సర్దుకుంటుంది. తర్వాత చిన్న చెక్క మీద పెట్టి ఇనుప కడ్డీ దొర్లించి గింజ వేరు చేస్తారు. విల్లుతో ఏకుతారు. ఏకులు చుట్టి, నలగకుండా ఎండిన అరటి దొప్పలో దాస్తారు. వడకడం ఒంటి కదురు రాట్నం మీద. ఇందులో ఎక్కువ పనులు ఆడవాళ్ల చేతుల మీదుగానే జరుగుతాయి.

అలా వచ్చే దారం 100 నంబరు దాకా, ఒక్కోసారి ఇంకా పైకి వెళ్తుంది. నూరు నంబరు అంటే ఒక్క గ్రాము దూదిని సుమారు 169 మీటర్ల దారంగా సాగదీయడం. చీరకు పట్టే గ్రాములతో గుణించి చూడండి, అన్ని వేల మీటర్లూ ఒక మనిషి చేతివేళ్ల మధ్య నుంచే వచ్చాయి. ధరకు కారణం అదే, నా దృష్టిలో అది ఎక్కువ ధర కాదు.

పర్యావరణం లెక్కన కూడా దీనికి సాటి తక్కువ. మిల్లుకు వెళ్లే పత్తిని 170 కిలోల బేళ్లుగా గట్టిగా అదుముతారు, మళ్లీ యంత్రాలతో కొట్టి విడదీస్తారు. రెండుసార్లూ కరెంటు ఖర్చే, పీచూ నలుగుతుంది. ఇక్కడ ఆ రెండు పనులూ లేవు. హైదరాబాద్ కేంద్రంగా నడుస్తున్న మల్ఖా కూడా ఈ బేలు కట్టడాన్ని తప్పించి, ఊరి దగ్గరే చిన్న యంత్రాలతో దారం తీసే ప్రయత్నమే. అది ఖాదీ కాదు, ఖాదీకీ మిల్లుకూ నడుమ దారి.

గుర్తుపట్టడానికి బట్టను వెలుతురుకు ఎత్తి చూడండి. చేతి దారంలో అక్కడక్కడా సన్నం, లావు తేడాలు క్రమం లేకుండా కనిపిస్తాయి. ఒకే ఎడంలో మళ్లీ మళ్లీ వస్తే అది మిల్లులో కావాలని పెట్టిన లావు. ఖాదీ మార్క్ లేబుల్ అడగండి. కుట్టించేముందు రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టి నీడన ఆరేయండి. ఇలా చేయకుండా కుట్టించిన చొక్కా మొదటి ఉతుకులోనే మెడ దగ్గర బిగుస్తుంది. బ్రష్ వద్దు, మెలిపెట్టి పిండవద్దు. గంజి పలుచగా పెట్టండి. ఆరు నెలలు బీరువాలో ఉంచేటట్టయితే గంజి పూర్తిగా ఉతికేసి పెట్టండి, లేకపోతే పురుగు మడతల వెంట కొరుకుతుంది.

ప్రశ్న: దానిమ్మ తొక్కలతో ఇంట్లో తెల్ల చున్నీకి రంగు వేశాను. రెండు ఉతుకుల్లో పోయింది. పసుపుతోనూ అంతే. ఎక్కడ తప్పు?
– రాజమహేంద్రవరం పాఠకురాలు

జవాబు: దానిమ్మ మంచి రంగే. మీరు బట్టను సిద్ధం చేయలేదు. పసుపు సంగతి వేరు, ఎంత చేసినా ఎండకు నిలవదు. బీట్‌రూట్, మందారం కూడా బట్టకు పనికొచ్చే రంగులు కావు.

200 గ్రాముల నూలు బట్టకు కొలతలు ఇవి. ముందుగా పొడి బట్టను తూచండి, అన్నీ ఆ బరువు మీదే.

మొదట మైల తీయాలి. ఆరు లీటర్ల నీళ్లలో రెండు చెంచాల చాకలి సోడా, కాస్త సబ్బు వేసి గంటసేపు మరిగించండి. నీళ్లు టీ రంగుకు వస్తాయి. అవి పత్తిలోని మైనం, మిల్లు గంజి. ఇది వదలకపోతే రంగు మరకలు మరకలుగా పడుతుంది. బాగా జాడించండి.

తర్వాత కరక్కాయ. 40 గ్రాముల పొడిని వేడి నీళ్లలో కలిపి వడగట్టి, ఆ నీటిలో బట్టను రాత్రంతా ఉంచండి. పిండి ఆరేయండి, జాడించవద్దు. నూలు పటికను సొంతంగా పట్టుకోలేదు, కరక్కాయలోని వగరు ఆ పటికను బట్టకు కట్టేస్తుంది. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ పనివాళ్లు బట్టను ముందుగా కరక్కాయలో ముంచేది ఇందుకే.

మూడోది పటిక. 30 గ్రాములు వేడి నీళ్లలో పూర్తిగా కరిగించి, నాలుగు లీటర్లు చేసి, గోరువెచ్చగా రెండు మూడు గంటలు ఉంచండి. ఆరేసి ఒక రోజు ఆగి, ఒకసారి తేలిగ్గా జాడించండి.

ఇక రంగు. 200 గ్రాముల ఎండు దానిమ్మ తొక్కలు ముందురోజు నానబెట్టి, గంటసేపు ఉడికించి, పలుచని గుడ్డలో వడగట్టండి. బట్టను తడిపి వేసి, మరగనివ్వకుండా ఆవిరి వచ్చే వేడిలో గంటసేపు తిప్పుతూ ఉండండి. తిప్పకుండా వదిలేస్తే మడతలు గీతలవుతాయి. అందులోనే చల్లారనివ్వండి. నీడన ఆరేసి, మూడు రోజుల తర్వాతే ఘాటులేని సబ్బుతో ఉతకండి.

ఆకుపచ్చ కలిసిన బూడిద రంగు కావాలంటే నాలుగు గ్రాముల అన్నభేది (ఇనుము ఉన్న ఉప్పు) కరిగించిన నీళ్లలో పది నిమిషాలు ముంచి తీయండి. అంతకుమించితే రంగు ముదురుతుంది గానీ, కొన్నాళ్లకు బట్ట పిగిలిపోతుంది. ఇనుపముక్కలు, బెల్లం పులియబెట్టి చేసే కసిమి నలుపులోనూ ఇదే ఇనుము, ఇదే జాగ్రత్త. మీ బోరు నీళ్లలో ఇనుము ఉంటే ఏమీ కలపకుండానే దానిమ్మ ఇచ్చే పసుపు రంగు మాసిపోతుంది. వాన నీళ్లు పట్టుకోండి. స్టీలు గిన్నె వాడండి, ఆ గిన్నెలో మళ్లీ వంట చేయవద్దు. మైలుతుత్తం, పొటాషియం డైక్రోమేట్ వాడమని చెప్పే పద్ధతులు ముట్టుకోవద్దు. రెండోది ఒంటికీ మురుగుకీ విషమే, తొక్కలతో రంగువేసి దాన్ని కలిపితే ఆ రంగు సహజమైనదే కాదు.

ప్రశ్న: అరటి నార చీర, సీసాల ప్లాస్టిక్‌తో చేసిన టీషర్టు, రెండూ పర్యావరణ హితమని కొన్నాం. సరైన పనే చేశామా?
– బెంగళూరులో ఉండే తెలుగు దంపతులు

జవాబు: చీర సంగతి పడుగు, పేక అడిగితే తేలుతుంది. అరటి నార బిరుసు, పడుగు లాగుడుకు తెగుతుంది. అందుకే నిజమైనవాటిలో సాధారణంగా పడుగు నూలో పట్టో ఉండి, పేకలో అరటి నార ఉంటుంది. వేలితో రుద్దితే కాస్త గరుకు, మడతపెడితే గీత నిలుస్తుంది. జారుడుగా, మెరుస్తూ, తక్కువ ధరకు ‘బనానా సిల్క్’ పేరుతో వచ్చేవి చాలావరకు రేయాన్ లేదా పాలిస్టర్. పై పరీక్షలు చేయండి. నిజమైనదైతే మెషిన్‌లో వేయకండి, చుట్టి దాచండి.

సీసాల టీషర్టు పాలిస్టరే. పెట్రోలియం సరుకుకు ఇంకో జన్మ ఇచ్చారు, అది పునరుత్పాదకం కాదు. ఉతికినప్పుడల్లా సన్నని పోగులు మురుగులో కలుస్తాయి. సీసాను మళ్లీ సీసాగా మలచవచ్చు. చొక్కా అయ్యాక ఆ దారి దాదాపు మూసుకున్నట్టే. వానకోట్లకు, సంచులకు వాడండి, ఒంటికి అంటుకునే బట్టలకు వద్దు. కొన్నది పారేయకండి. చన్నీళ్లలో, తక్కువసార్లు, మెషిన్ నిండుగా వేసి ఉతికితే పోగులు తక్కువ రాలతాయి.

ప్రశ్న: అహింసా పట్టు అంటే నిజంగా పురుగు చావదా? పెళ్లికి కొనాలనుకుంటున్నాం.
– తిరుపతి పాఠకుడు

జవాబు: మామూలు మల్బరీ పట్టులో గూటిని ఆవిరికో వేడిగాలికో పెట్టి లోపలి ప్యూపాను చంపుతారు. రెక్కల పురుగు బయటికొస్తే గూడు తెగి, వందల మీటర్ల ఒకే పోగు ముక్కలైపోతుంది. అహింసా పట్టులో పురుగు వెళ్లిపోయాక మిగిలిన గూళ్లను దూదిలా ఏకి వడుకుతారు. హైదరాబాదుకు చెందిన కుసుమ రాజయ్య ఈ పద్ధతికి పేరు తెచ్చారు. పోగు తెగినది కాబట్టి మెరుపు తక్కువ, అక్కడక్కడా లావు, ధర ఎక్కువ. కంచి పట్టు తళుకు ఆశిస్తే నిరాశపడతారు. మెత్తదనం కోరేవారికి ఇది బాగుంటుంది.

ఆముదం ఆకు తిని పెరిగే ఎరి పురుగు గూటికి ఒక కొస తెరిచే ఉంటుంది. చంపక్కర్లేకుండా వడకవచ్చు. కానీ అస్సాంలో ఎరి ప్యూపా ఆహారం కూడా, అందుచేత ఎరి అన్నంతనే అహింస అనుకోకండి, అమ్మేవారిని అడగండి. మన మహదేవపూర్ దసలిపట్టు మద్ది చెట్ల మీద పెరిగే పురుగుది. చెట్టు నిలిచి ఉంటేనే పట్టు ఉంటుంది కాబట్టి అడవికి మేలే, పురుగు విషయంలో మాత్రం అది అహింస కాదు. ఏది కొన్నా సిల్క్ మార్క్ చూడండి, అది పట్టు స్వచ్ఛతను మాత్రమే చెబుతుంది. జరీ గురించి విడిగా అడగండి, ఇప్పటి జరీలో ఎక్కువ భాగం లోహపు పూత పూసిన పాలిస్టర్.

ప్రశ్న: మా తాత వాడిన నల్ల గొంగడి ఉంది. గుచ్చుకుంటుంది, వాసన వస్తుంది. ఉతకవచ్చా? అలాంటివి కొత్తవి ఎందుకు దొరకడం లేదు?
– సిద్దిపేట పాఠకుడు

జవాబు: అది దక్కని గొర్రె ఉన్ని. పోగు లావుగా ఉంటుంది, అందుకే గుచ్చుకుంటుంది. పడుగుకు చింతగింజల గంజి పట్టించి నేస్తారు, ఆ బిరుసు కొంత దానిదే. ఈ బిరుసు, ఉన్నిలోని సహజమైన జిడ్డు కలిసి చినుకును లోపలికి దిగనివ్వవు. నలుపు గొర్రె పుట్టు రంగు కావడంతో రంగు తొట్టి అవసరమే రాలేదు. మన నేల మీద ఇంతకంటే తక్కువ హాని చేసే చలిబట్ట నాకు తెలియదు.

కొత్తవి తగ్గడానికి మూలం గొర్రెలోనే ఉంది. మాంసం కోసం నెల్లూరు జాతి పొట్టేళ్లతో సంకరం చేయగా పుట్టిన పిల్లలకు ఉన్ని రాదు, వెంట్రుకే వస్తుంది. ఉన్ని లేకపోతే కురుమల ఇళ్లలో వడకడమూ, నేయడమూ ఆగిపోతాయి.

వేడినీళ్లు, సబ్బుపొడి, మెషిన్ మూడూ వద్దు. ఉన్ని పోగుల మీది పొలుసులు ఒకదానికొకటి చిక్కి గొంగడి ముడుచుకుపోతుంది, మళ్లీ సాగదు. పొద్దుటి ఎండలో రెండు మూడు గంటలు పరిచి, కర్రతో వెనకవైపు కొట్టి దుమ్ము దులపండి. వాసనకు చాలావరకు ఇది చాలు. మరక పడితే ఆ చోట మాత్రమే కుంకుడు రసం, చన్నీళ్లతో అద్దండి, రుద్దవద్దు. తప్పనిసరై తడిపితే దండెం మీద వేలాడదీయకుండా మంచం మీద పరిచి నీడన ఆరేయండి. వేలాడదీస్తే బరువుకు సాగి వంకర తిరుగుతుంది. దాచేముందు పూర్తిగా ఎండాలి. మడతల మధ్య ఎండిన వేపాకు పరిచి, నూలు గుడ్డలో చుట్టండి, ప్లాస్టిక్ సంచి వద్దు. రెండు నెలలకోసారి విప్పి మడత మార్చండి. చిమటలు గుడ్లు పెట్టేది కదలని మడతల్లోనే.